రాగిపలకపై టోనరు అచ్చు: ఒక ప్రయోగపాఠము

విద్యార్థులారా, రేడియోను గాని గోడగడియారమును గాని విప్పి చూచితిరేని, లోపల నొక పలుచని పలకయు, దానిపై పొలములోని పంటకాలువలవలె నలువైపులకు సాగిన సన్నని గీతలును మీకు కానవచ్చును. ఆ గీతలు రాగి బాటలు. రెసిస్టరు, కెపాసిటరు మొదలగు భాగములన్నియు ఆ పలకపై నిలిచి, ఆ బాటల మూలముననే యొండొంటితో కలిసి పనిచేయుచుండును. ఇట్టి పలకకు ముద్రిత సర్క్యూటు బోర్డు అని పేరు. పూర్వము ప్రతి రెండు భాగముల నడుమను చేతితో తీగె కట్టి టంకము వేయుచుండిరి. అందు శ్రమయు మెండు, పొరపాట్లును మెండు.

వియన్నా నగరమున 1907వ సంవత్సరమున జన్మించిన పాల్ ఐస్లర్ అను ఇంజనీరు 1936లో ఇంగ్లాండునకు వచ్చి ఈ కష్టమును తొలగించు మార్గమును వెదకెను. పలకపై రాగిరేకును అంటించి, అక్కరలేని చోట రాగిని కరగించి వేసిన యెడల, మిగిలిన రాగియే తీగెల పని చేయునని ఆయన కనుగొనెను. 1943లో ఈ పద్ధతికి హక్కుపత్రము కోరెను. నేటికిని బోర్డుల తయారీకి ముఖ్యసూత్రమిదియే: కావలసిన రాగిని కప్పి కాపాడవలెను, తక్కిన రాగిని కరగించవలెను.

అయితే కాపాడుట యెట్లు? అక్కరలేని రాగిని కరగించు ద్రావణము కావలసిన రాగిని ముట్టకుండునట్లు దానిపై నొక కప్పు వేయవలెను. రంగుతో చేతివ్రాతగా గీయవచ్చును. చెరగని సిరా కలముతో గీయవచ్చును. వెలుతురునకు మారునట్టి పూతను పూసి ఛాయాచిత్రమువలె దింపవచ్చును. వీనికంటె సులభమై, ఇంటనున్న ఇస్త్రీపెట్టెతోనే నెరవేరు మార్గము మరియొకటి కలదు. లేజరు ప్రింటరుపై నచ్చు తీసిన కాగితమునందలి నల్లపొడిని వేడిచేత రాగిపైకి దింపుట యనునదే యది. ఈ పాఠమున దానినే వివరింప నుద్దేశించితిమి.

ఇట్టి పనియందు మొదటి పలక చెడుట సామాన్యము. చెడినందున పోవునది కొద్దిపాటి రాగియు, ఒక సాయంకాలమును మాత్రమే. అది యేల చెడెనో తెలిసికొనక రెండవదానిని చేయబూనుటయే అసలైన నష్టము. కావున పని చేయు విధమునే గాక, పలకను చూచి కారణమును పట్టుకొను విధమునుకూడ ఇందు చెప్పుచున్నాము.

టోనరు అననేమి?

మన యూళ్లలో ప్రతిమూర్తి తీయు దుకాణమును జిరాక్సు దుకాణమని పిలుచుట మీరెరుగుదురు. ఆ యంత్రమునకు మూలపురుషుడు చెస్టర్ కార్ల్‌సన్ అను అమెరికా దేశస్థుడు. ఆయన హక్కుపత్రముల పనిలో నుండి, పత్రములకు ప్రతులు వ్రాయించుటలోని విసుగును నిత్యము చూచుచుండెను. 1938 అక్టోబరు 22వ తేదీన న్యూయార్కులోని ఆస్టోరియా అను పేటలో, ఆటో కోర్నై అను సహాయకునితో కలిసి, గంధకము పూసిన జింకు పలకను చీకటిలో చేతిరుమాలుతో రుద్ది విద్యుదావేశము కలిగించెను. పిమ్మట అక్షరములు వ్రాసిన గాజుపలకను దానిపై నుంచి దీపకాంతి చూపెను. వెలుతురు తగిలినచోట ఆవేశము పోయెను. అక్షరముల నీడ పడినచోట నిలిచెను. సన్నని పొడిని చల్లి, అదనపు పొడిని ఊదివేయగా అక్షరములు తేలెను. మైనపు కాగితమును దానిపై నొత్తి వేడిచేయగా ఆ పొడి కాగితమునకు అంటుకొనెను. అనేక సంస్థలు ఆయన కల్పనను త్రోసివేసెను. ఆయన పట్టు విడువలేదు. తుదకు 1959లో జిరాక్సు 914 అను యంత్రము వెలువడి ఆఫీసుల పనితీరునే మార్చివేసెను. అటుపిమ్మట గ్యారీ స్టార్క్‌వెదర్ అను ఇంజనీరు అదే సూత్రమునకు లేజరు కిరణమును జోడించి లేజరు ప్రింటరును కల్పించెను.

చూచితిరా, పొడిని ఒకచోట నిలిపి వేడిచేత మరియొకచోటికి దింపుట ఆ మొదటి దినముననే యున్నది. మనము చేయబోవు పనియు అట్టిదే.

నేటి టోనరు సిరా కాదు. అది మిక్కిలి మెత్తని ప్లాస్టిక్కు పొడి. అందు నలుపునకై మసి, మరికొన్ని జాతులలో ఇనుప ఆక్సైడు, కొంత మైనము కలిపి యుందురు. యంత్రములోని వేడి రోలరు ఆ ప్లాస్టిక్కును మెత్తపరచి కాగితమున కదుమును. మెత్తబడిన ప్లాస్టిక్కు చల్లారినపుడు గట్టిపడును. మరల వేడి తగిలినపుడు మరల మెత్తబడును. ఈ గుణమే మనకు ఆధారము. మరియు ప్లాస్టిక్కు నీటిలో కరగదు, రాగిని కరగించు ద్రావణమునకు లొంగదు. కావుననే అది రాగికి కవచమగును. నీటిరంగు చిమ్ము ఇంకుజెట్టు ప్రింటరు ఈ పనికి బొత్తిగా పనికిరాదు. దాని సిరాలో ఇట్టి ప్లాస్టిక్కు పొర యేర్పడదు. ఇంట లేజరు ప్రింటరు లేనివారు జిరాక్సు దుకాణములోని ప్రతినే వాడుకొనవచ్చును. అందలి పొడియు ఇట్టిదే.

కావలసిన వస్తువులు

రాగి అంటించిన పలక మొదటిది. గాజునార, ఎపాక్సీ జిగురు కలిపి చేసిన పలక యొక రకము; కాగితము, ఫినాలు జిగురు కలిపి చేసినది రెండవ రకము. సామాన్యముగా పలక మందము 1.6 మిల్లీమీటర్లు, దానిపై రాగి మందము 35 మైక్రానులు, అనగా 1 మిల్లీమీటరులో సుమారు ముప్పదవ వంతు. రెండవది, నునుపు కాగితము. మూడవది, ఆవిరి లేని ఇస్త్రీపెట్టె. ఇవి గాక సన్నని గరుకు కాగితము, గిన్నెలు తోము సబ్బు, అసిటోను, చెరగని నల్లసిరా కలము, ఫెర్రిక్ క్లోరైడు, ప్లాస్టిక్కు తొట్టి, రబ్బరు చేతితొడుగులు, కంటి అద్దములు కావలెను.

కాగితమును గూర్చి కొంత చెప్పవలసి యున్నది. మెరుపు వారపత్రికల కాగితముపై సన్నని మట్టిపూత యుండును. టోనరు ఆ పూతపైననే నిలుచును గాని కాగితపు నారలోనికి దిగదు. నీటిలో నానినపుడు పూత ఉబ్బి వదులగును, కాగితము ఊడివచ్చును, టోనరు రాగిపై మిగులును. సామాన్యమైన వ్రాతకాగితమున ఇట్టి పూత లేదు. అందు టోనరు నారలలో చిక్కుకొని, కాగితముతోబాటు లేచిపోవును. ఇందుకొరకే పూతపూసి అమ్ము ప్రత్యేక కాగితములును కలవు. వారపత్రిక పుట పలుచన గనుక యంత్రములో చిక్కుకొనవచ్చును. కావున దుకాణదారుని అనుమతి లేక ఆయన యంత్రములో నట్టి కాగితము పెట్టరాదు. ఇంకుజెట్టుకై చేసిన కొన్ని మెరుపు కాగితముల పూత లేజరు యంత్రపు వేడికి కరగి రోలరుకు అంటుకొనును. పరుల సొత్తును పాడుచేయు ప్రయోగము ప్రయోగము కాదు.

పటమును అచ్చుతీయుట

మనము ఉదాహరణముగా చిన్న దీపమును మిణుకుమిణుకుమనిపించు సర్క్యూటును తీసికొందము. ఇందులో 555 అను టైమరు ఐ.సి. ముఖ్యభాగము. హాన్స్ కామెన్‌జిండ్ అను ఇంజనీరు 1971లో దీనిని రూపించెను. 1972లో అది బజారునకు వచ్చెను. నేటికిని అది చవుకగా దొరకుచున్నది. 10 కిలో ఓముల రెసిస్టరు ఒకటి, 68 కిలో ఓముల రెసిస్టరు ఒకటి, 10 మైక్రోఫారడుల కెపాసిటరు ఒకటి దానికి చేర్చిన యెడల దీపము సుమారు సెకనునకొక పర్యాయము వెలిగి ఆరుచుండును. 9 వోల్టుల బ్యాటరీయు, దీపమునకు వరుసగా 470 ఓముల రెసిస్టరును చాలును. పలక 50 మిల్లీమీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉండిన సరిపోవును.

పటము గీయునపుడు రెండు విషయములు మరువరాదు. మొదటిది, ఎడమకుడి భేదము. కాగితమును బోర్లించి రాగిపై నొత్తినపుడు పటము అద్దములోని ప్రతిబింబమువలె తిరుగబడును. భాగములు పలకకు పైవైపునను, రాగి క్రిందివైపునను ఉన్న ఒంటిపొర బోర్డునకు, పైనుండి పలకగుండ చూచినట్లు గీచిన రాగి పటమును ఉన్నదున్నట్లే అచ్చుతీయవలెను. ఒత్తినపుడు అది తిరుగబడి, రాగివైపునుండి చూచుటకు సరియైన తీరున నిలుచును. భాగములున్న వైపుననే రాగియున్న యెడల మాత్రము పటమును ముందుగా తిరుగవేసి అచ్చుతీయవలెను. ఎటు తోచకున్న నొక ఉపాయము కలదు. పటమున నొక మూల నొక అక్షరము వ్రాసి, రాగిపై నది సరిగా చదువబడవలెనా తిరుగబడవలెనా యని ముందే నిశ్చయించుకొనుడు.

రెండవది, కొలత. 555 కాళ్ల నడుమ దూరము 2.54 మిల్లీమీటర్లు, అనగా అంగుళములో పదియవ వంతు. ప్రింటరు పటమును కాగితమునకు సరిపడునట్లు తనంతట తాను కుదించిన యెడల కాళ్లు బెజ్జములలో దూరవు. కావున నూటికి నూరు పాళ్ల కొలతతో అచ్చుతీసి, ఆ కాగితముపై ఐ.సి.ని నిలిపి ఎనిమిది కాళ్లును గుర్తులపై పడుచున్నవా యని చూడవలెను. రాగి కరగిన పిమ్మట ఈ పరీక్ష చేసి ప్రయోజనము లేదు. టోనరును పొదుపుచేయు ఏర్పాటు యంత్రమున నున్నచో దానిని తీసివేసి, ఎంత నల్లగా వీలగునో అంత నల్లగా అచ్చుతీయవలెను.

శుభ్రత, వేడి, ఒత్తిడి, కాలము

పటము రాగిపై చక్కగా దిగుట ఈ నాలుగింటిపై నాధారపడి యున్నది.

రాగిని సన్నని గరుకు కాగితముతో వలయములుగా రుద్ది, సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, అసిటోనులో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడువవలెను. పలకపై నీరు పోసినపుడు అది అంతటను పలుచని పొరగా పరచుకొనిన యెడల జిడ్డు లేదని గుర్తు. ముత్యములవలె విడివిడిగా నిలిచిన యెడల జిడ్డున్నదని గుర్తు. అటుపిమ్మట పలకను అంచులతోనే పట్టుకొనవలెను. వ్రేలి జిడ్డు కంటికి కనబడదు గాని టోనరు దానిని కనిపెట్టును.

ఇస్త్రీపెట్టెను నూలుబట్టల గుర్తువద్ద నిలిపి, ఆవిరి లేకుండ వేడెక్కనీయవలెను. పలకను మందమైన చెక్కపై నుంచవలెను. రాయిపై గాని లోహముపై గాని ఉంచిన యెడల అవి వేడిని లాగుకొనును. అచ్చువైపు రాగిని తాకునట్లు కాగితమును బోర్లించి, పైన మరియొక కాగితము కప్పి, ఇస్త్రీపెట్టెను నిలువుగా నదిమి పట్టవలెను. మొదటి అర నిమిషము దానిని కదపరాదు. ఏలయనగా టోనరు ఇంకను అంటుకొనకముందే కాగితము జారును. పిదప పెట్టె మొనతో అంచులను, మూలలను మెల్లగా నదుముచు పోవలెను. మొత్తము 3 నిమిషముల ప్రాంతమున ప్రారంభించి, పరీక్షలచేత సరియైన కాలమును తేల్చుకొనవలెను. పిమ్మట పలకను తానుగా చల్లారనిచ్చి, గోరువెచ్చని నీటిలో పది పదునైదు నిమిషములు నానవేసి, కాగితమును బొటనవ్రేలితో మెల్లగా రుద్ది తీయవలెను. లాగి చీల్చరాదు.

ఒక్కొక్క కారణమును వేరుచేయుట

ఇప్పుడు పాఠములోని ముఖ్యభాగమునకు వచ్చితిమి. మొదటి పలక చెడినపుడు విద్యార్థి సాధారణముగా నేమి చేయును? కాగితమును మార్చును, వేడిని పెంచును, ఇంకను గట్టిగా నదుమును, ఎక్కువ సేపు ఉంచును. ఇన్నియు ఒక్కసారిగానే చేయును. రెండవ పలక బాగుగా వచ్చిన యెడల దేనివలన బాగుపడెనో తెలియదు. మరల చెడిన యెడల దేనివలన చెడెనో తెలియదు. ఇట్లు పది పలకలు చేసినను అతనికి కలుగు జ్ఞానము ఒక పలకకు మించదు.

దీనికి ప్రతిగా మేము చెప్పు క్రమమిది. అసలు సర్క్యూటును ముట్టకముందు ఒక పరీక్షాపటమును గీయుడు. అందు 0.3, 0.5, 0.8, 1.0 మిల్లీమీటర్ల వెడల్పుగల గీతలు నాలుగు జాతులు, ప్రతి జాతిలో నాలుగేసి గీతలు, గీతకు గీతకు నడుమ ఆ వెడల్పే ఎడము ఉండవలెను. ఒక మూల నిండు నలుపు చతురము, మరియొక మూల చిన్న వలయములు కొన్ని ఉండవలెను. రాగిపలకను 50 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పుగల ముక్కలుగా కోయుడు. ఒకే పుటపై ఒకే పర్యాయము ఈ పటమును పలుమారులు అచ్చుతీయుడు.

మొదటి వరుసలో కాలమును మాత్రము మార్చుడు: 1 నిమిషము, 2, 3, 4, 5. కాగితము, వేడి, అదుము మనుష్యుడు, శుభ్రపరచిన తీరు అన్నియు ఒక్కటిగా నుండవలెను. ప్రతి ముక్క వెనుకను అంకె వేయుడు. అన్నిటిలో నుత్తమమైన కాలమును గుర్తించి, దానిని స్థిరముగా నుంచి, రెండవ వరుసలో కాగితమును మాత్రము మార్చుడు. మూడవ వరుసలో వేడి గుర్తును మార్చుడు. నోటుపుస్తకములో ముక్క అంకె, మార్చిన విషయము, ఫలితము అను మూడు గడులు గీచి, చూచిన వెంటనే వ్రాయుడు. సాయంకాలము జ్ఞాపకమునుండి వ్రాయు ఫలితము మన కోరికవైపు వంగును.

ఇంకొక మేలు వినుడు. ఇంతవరకు రాగి కరగలేదు. కావున ఈ పరీక్షలకు క్రొత్త పలకలు అక్కరలేదు. అసిటోనుతో టోనరును తుడిచి, అదే ముక్కను మరల శుభ్రపరచి వాడుకొనవచ్చును. ఖర్చు కాగితమునకు, కొద్దిపాటి విద్యుత్తునకు మాత్రమే. పేద విద్యార్థికిని ఈ పరీక్ష అందనిది కాదు.

పలక చెప్పు సాక్ష్యము

ముక్కలను వరుసగా పేర్చి భూతద్దముతో చూడుడు. వేడి గాని కాలము గాని చాలని ముక్కపై గీతలు అక్కడక్కడ నిలిచి, మిగిలినవి కాగితముతో పోయి యుండును. నిలిచినవియు గోటితో గీచిన లేచును. వేడి మితిమీరిన ముక్కపై గీతలు చదునై వెడల్పగును. నడిమి ఎడములు పూడిపోవును. 0.3 మిల్లీమీటరు జాతి ముందుగా నిట్లు కలిసిపోవును. నడుమ బాగుండి అంచులు మాత్రమే పోయిన యెడల వేడి తప్పుకాదు, ఒత్తిడి సమముగా లేదు. లేదా కోసిన అంచున రాగి మొలకలు లేచి కాగితమును ఎత్తిపట్టుచున్నవి. వాటిని ఆకురాయితో నునుపు చేయవలెను. ఒకేచోట గుండ్రని మచ్చగా టోనరు లేకున్న యెడల అది వ్రేలిముద్ర. గీతలన్నియు ఒకేవైపు జంటగా కనబడిన యెడల కాగితము జారినది. నిండు నలుపు చతురమున సూదిమొనలంత బెజ్జములున్న యెడల అచ్చులోనే టోనరు పలుచన. టోనరుపై తెల్లని నార మిగిలిన యెడల కాగితము చాలినంత నానలేదు. గీతల నడుమ నున్న నారను తీసివేయకున్న ద్రావణము రాగిని చేరదు.

ఈ గుర్తులు తెలిసినవానికి చెడిన పలకయు పాఠపుస్తకమే. వైద్యుడు నాడి చూచినట్లు విద్యార్థి పలకను చూడ నేర్చుకొనవలెను. చిన్న లోపములను చెరగని సిరా కలముతో దిద్దవచ్చును. పెద్ద లోపములున్నచో తుడిచివేసి మరల ప్రారంభించుటయే మేలు.

ఇస్త్రీపెట్టెకు బదులు కాగితములకు ప్లాస్టిక్కు తొడుగు వేయు ల్యామినేటరును కొందరు వాడుదురు. అందు ఒత్తిడి అంతటను సమముగా నుండును. అయితే ఇండ్లలోని చిన్న యంత్రములు చాలవరకు 1.6 మిల్లీమీటర్ల పలకకై చేసినవి కావు. పలుచని పలకను పలుమారులు పంపవలసి యుండును. మరికొందరు వేడి లేకుండ, అసిటోను, ఆల్కహాలు కలిపిన ద్రవముతో టోనరును మెత్తపరచి అదుముదురు. అసిటోను ఎక్కువైన టోనరు పారిపోవును, తక్కువైన అంటదు. ఈ ద్రవముల ఆవిరి సులభముగా నంటుకొనును గనుక, దీపము, పొయ్యి, ఇస్త్రీపెట్టె దగ్గర నున్నచోట ఈ పద్ధతిని తలపెట్టరాదు. పెద్దలు ప్రక్కన లేక చేయనే రాదు.

రాగిని కరగించుట

ఫెర్రిక్ క్లోరైడు ద్రావణమున పలకను ముంచినపుడు, రెండు అణువుల ఫెర్రిక్ క్లోరైడు ఒక పరమాణువు రాగితో కలిసి, రెండు అణువుల ఫెర్రస్ క్లోరైడును, ఒక అణువు క్యూప్రిక్ క్లోరైడును ఇచ్చును. ఆవిధముగా రాగి ద్రావణములోనికి దిగిపోవును. గడ్డలు కొన్న యెడల నీటిలో వానిని కొంచెము కొంచెముగా వేయవలెను; గడ్డలపై నీరు పోయరాదు. కరగునపుడు వేడి పుట్టును. లోహపాత్ర వాడినచో ద్రావణము పాత్రనే తినివేయును గనుక ప్లాస్టిక్కు తొట్టియే తగినది. ఆ తొట్టిని వేడినీళ్ల పళ్లెములో నుంచి ద్రావణమును 40 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమునకు తెచ్చి, మెల్లగా నూపుచుండవలెను. సాధారణముగా 10 నుండి 30 నిమిషములలో పని ముగియును.

రాగి అంతయు పోగానే పలకను తీసి కడుగవలెను. ఆలస్యమైన కొలది ద్రావణము కప్పు క్రింద ప్రక్కలనుండి రాగిని తినుచు, సన్నని గీతలను తెంపివేయును. కాబట్టి మొదటి బోర్డునకు 0.8 మిల్లీమీటరుకంటె సన్నని బాటలు వద్దు. మరియు అక్కరలేని చోటులనుకూడ వీలైనంత రాగిని నిలిపి పటము గీచిన యెడల ద్రావణము తక్కువ ఖర్చగును, పని త్వరగా ముగియును. పిమ్మట అసిటోనుతో టోనరు తుడువగా ఎర్రని రాగిబాటలు బయటపడును. మల్టీమీటరుతో ప్రతి బాట తెగలేదనియు, ప్రక్క బాటతో కలియలేదనియు చూచి, సన్నని బరమాతో బెజ్జములు వేసి, భాగములను నిలిపి టంకము వేయవలెను. గాజునార ధూళి ఊపిరితిత్తులకు కీడు గనుక ముక్కునకు గుడ్డ కట్టుకొని, ధూళిని తడిగుడ్డతో తుడిచి తీయవలెను.

తలిదండ్రులకును విద్యార్థులకును ఒక హెచ్చరిక

ఫెర్రిక్ క్లోరైడు చర్మమును, కన్నులను బాధించును. బట్టపై పడిన మరక పోదు. చేతితొడుగులు, కంటి అద్దములు లేక తొట్టిదగ్గరకు పోరాదు. కంటిలో పడిన యెడల వెంటనే ధారాళమైన నీటితో చాలసేపు కడిగి వైద్యునివద్దకు పోవలెను. వంటయింటి పాత్రలను ఈ పనికి వాడరాదు. ఈ పనికి వాడిన పాత్రను మరల వంటయింటికి తేరాదు. సీసాపై పేరు వ్రాసి, పిల్లల కందని చోట నుంచవలెను. త్రాగునీటి సీసాలో పోసి యుంచుట ప్రాణాపాయము. హైడ్రోక్లోరిక్ ఆమ్లమును, హైడ్రోజన్ పెరాక్సైడును కలిపి రాగిని త్వరగా కరగించు పద్ధతి యొకటి కలదు. దాని ఆవిరి ఊపిరికి హానికరము. పాఠశాల విద్యార్థులు దానిని ఇంట చేయరాదని మేము గట్టిగా చెప్పుచున్నాము.

ఇంతకంటె పెద్ద విషయము వాడిన ద్రావణము. అందు మనము కరగించిన రాగి యంతయు నున్నది. కరగిన రాగి కొద్దిపాటిగానైనను చేపలకు, నీటిలోని చిన్న జీవులకు విషము. మురికికాలువలో పోసినది చెరువునకు చేరును. ఆ చెరువు నీరు పశువులు త్రాగును, ఆ చేపలు జాలరి వలలో పడును. ఒకని బోర్డుకొరకు పదిమంది నీటిని చెరుపుట విద్య కాదు. ద్రావణమును ఒకసారి వాడి పారవేయక, బలము తగ్గువరకు అనేక బోర్డులకు వాడుడు. బలము పోయినపుడు గాలి ఆడుచోట, మూతలేని ప్లాస్టిక్కు పాత్రలో, పెద్దల యెదుట, కొంచెము ఇనుప పీచు వేసి యుంచుడు. ఇనుము కరగి, రాగి ఎర్రని పొడిగా దిగును. మయిలుతుత్తపు నీటిలో ఇనుపమేకు ఎర్రబడు ప్రయోగమును తరగతిలో చూచినవారికి ఇది క్రొత్త కాదు. తరువాత చాకలిసోడాను కొంచెము కొంచెముగా, పొంగు ఆగువరకు కలుపవలెను. అడుగున దిగిన మడ్డిని ఆరబెట్టి, గట్టి సంచిలో కట్టి, పేరు వ్రాసి, అపాయకరమైన చెత్తను గ్రహించువారికి అప్పగింపవలెను. పాఠశాల ప్రయోగశాలలో ఇందుకొక డబ్బా ఏర్పరచుకొనుట మంచిది. విద్యార్థులు ఇంటనుండి తెచ్చిన మిగులు ద్రావణమును సైన్సు ఉపాధ్యాయుడు దానిలో చేర్చి, అన్నిటిని ఒక్కసారిగా పంపవచ్చును.

ముగింపు

ఈ దినములలో పటమును పంపిన యెడల కర్మాగారములు స్వల్పధనమునకు చక్కని బోర్డులు చేసి యిచ్చుచున్నవి గదా, ఇంత శ్రమ యెందులకని ఎవరైన అడుగవచ్చును. ఆ బోర్డులు మన బోర్డులకంటె నాణ్యమైనవనుటలో సందేహము లేదు. అనేక ప్రతులు కావలసినపుడు అచటనే చేయించుట మేలు. కాని అవి వచ్చువరకు దినములు వేచియుండవలెను. వచ్చినవానిలో మన పటపు తప్పే కనబడిన యెడల మరల వేచియుండవలెను. ఇంట చేసిన బోర్డులో ఉదయము కనిపించిన తప్పును సాయంకాలమునకు దిద్దుకొనవచ్చును. అంతకుమించి, కొనిన బోర్డు పనిచేయుటను మాత్రమే చూపును. చేసిన బోర్డు ప్రతి మెట్టునందును ఏల యను ప్రశ్నను వేయును.

కారణములను ఒక్కటొక్కటిగా వేరుచేసి చూచు అలవాటు రాగిపలకతో ముగియదు. పొలమున పైరు ఎర్రబడినను, ఇంట దీపము వెలుగకున్నను, లెక్క తప్పినను ఇదే క్రమము పనికివచ్చును. అన్నిటిని ఒకేసారి మార్చి అదృష్టమును నమ్ముకొనువాడు ఎన్నడును నేర్వడు. ఒక్కదానిని మార్చి, తక్కినవానిని నిలిపి, చూచినది చూచినట్లు వ్రాయువాడు చిన్న ఇస్త్రీపెట్టెతోనే శాస్త్రజ్ఞుడగును.

అభ్యాసము

1. 50 మిల్లీమీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల వెడల్పుగల పలకపై 35 మైక్రానుల మందమున రాగి యున్నది. ఒక ఘన సెంటీమీటరు రాగి బరువు 8.96 గ్రాములైన, ఆ పలకపై నున్న రాగి యెంత? (సుమారు 0.63 గ్రాము రావలెను.) అందు సగము రాగిని నిలిపిన యెడల ద్రావణములోనికి పోవునదెంత?

2. రెండు ముక్కలలో ఒకదానికి వారపత్రిక కాగితమును 2 నిమిషములు, రెండవదానికి ప్రత్యేక కాగితమును 4 నిమిషములు వాడిరి. రెండవది బాగుగా వచ్చెను. ప్రత్యేక కాగితమే శ్రేష్ఠమని దీనివలన తేలునా? తేలకున్న, ఇంకను ఏ ముక్కలు చేసి చూడవలెను?

3. ఒక పలకపై నడిమి గీతలు కలిసిపోయి, అంచుల గీతలు లేచిపోయినవి. ఒకే ముక్కపై ఈ రెండు లోపములును ఎట్లు కలిగినవో ఆలోచించి, ముందుగా దేనిని మార్చవలెనో చెప్పుడు.